బాపు బయాప్సీ రిపోర్టు చదవడం ఎలా? ప్రోస్టేట్‌లో మామూలు వాపునూ క్యాన్సర్‌నూ విడదీసే ప్రోటీన్లు

అరవై దాటిన మగవాళ్లున్న ఇళ్లలో ఇది తరచూ జరిగేదే. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం, ధార సన్నబడటం, ఎవరో చెబితే హన్మకొండ పోయి స్కానింగ్ తీయించడం, దాంతోపాటు ఒక రక్తపరీక్ష. కాగితం మీద పీఎస్ఏ 8.6 అనీ, పక్కనే 4 లోపు ఉండాలనీ కనబడగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. ఆ తర్వాత ముక్క పరీక్ష, అంటే బయాప్సీ. దాని రిపోర్టులో పీ63, హై మాలిక్యులర్ వెయిట్ సైటోకెరాటిన్, ఏఎంఏసీఆర్ అంటూ నోరు తిరగని పేర్లు. కొడుకులు ఆ కాగితాన్ని ఫోటో తీసి తెలిసినవాళ్లందరికీ పంపిస్తారు. తలా ఒక మాట చెబుతారు.

వరంగల్‌లో పాథాలజీ పనిలో, అంటే ముక్కలను పరీక్షించి జబ్బు తేల్చే పనిలో ఉన్నవాడిని కాబట్టి ఈ కాగితాలు పట్టుకొని వచ్చే కుటుంబాలను చూస్తూనే ఉంటాను. వాళ్లను చూసే ఇది రాస్తున్నాను. మందు ఏది వాడాలి, ఆపరేషన్ కావాలా అన్నది మీ యూరాలజిస్టు చెప్పాల్సిన మాట. రిపోర్టులో ఏ ప్రోటీన్ ఏం చెబుతోందో అర్థం చేసుకొని, ఆయన ముందు సరైన ప్రశ్న అడగగలగడం మాత్రం మీ చేతుల్లో ఉంది. రక్తంలోని పీఎస్ఏ ప్రోస్టేట్‌లో ఏదో జరుగుతోందని మాత్రమే చెబుతుంది. జరుగుతున్నది మామూలు వాపా, క్యాన్సరా అన్నది తేలేది ముక్కలోనే. అక్కడ మిగతా వాటన్నిటికన్నా ముందు చూడాల్సిన ప్రశ్న ఒకటే: ప్రోస్టేట్ లోపలి చిన్న చిన్న గ్రంథుల చుట్టూ అంచులా ఉండే బేసల్ కణాల పొర ఉందా, పోయిందా?

మొదటి మెట్టు: ఫైలు సర్దుకోండి

కాగితాలన్నీ తేదీల వరసలో పెట్టండి. పీఎస్ఏ రిపోర్టులు ఎన్ని ఉంటే అన్నీ కావాలి, మూడేళ్ల కిందటివైనా సరే. అల్ట్రాసౌండ్ రిపోర్టులో ప్రోస్టేట్ సైజు ఇన్ని సీసీలని గానీ ఇన్ని గ్రాములని గానీ రాసి ఉంటుంది, దాని కింద గీత గీయండి. ఎంఆర్ఐ తీసి ఉంటే క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే పైరాడ్స్ స్కోరు 1 నుంచి 5 వరకు ఏదో ఒకటి ఉంటుంది, దాని కిందా గీయండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఎప్పుడొచ్చింది, మూత్రం బందై పైపు ఎప్పుడు వేశారు అన్న తేదీలు ఒక చీటీ మీద రాసుకోండి.

బాపు వాడే గోలీల అట్టలు, అయిపోయిన పాత అట్టలతో సహా, ఒక కవర్లో వేసి వెంట తీసుకుపోండి. వాటి పని ఇప్పుడే చెబుతాను.

రెండో మెట్టు: పీఎస్ఏ అంకెను ఒంటరిగా చదవొద్దు

పీఎస్ఏ అంటే ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్. ఇది కాలిక్రీన్ కుటుంబానికి చెందిన ఎంజైమ్. దీని జన్యువు కేఎల్‌కే3, 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. గడ్డకట్టిన వీర్యాన్ని పల్చబరచడం దీని పని. అందుకోసం వీర్యంలోని సెమినోజెలిన్ అనే ప్రోటీన్‌ను ముక్కలు చేస్తుంది. అంటే ఏ జబ్బూ లేని మగవాడిలోనూ రోజూ తయారయ్యేదే. 1979లో అమెరికాలోని రాస్‌వెల్ పార్క్ క్యాన్సర్ సంస్థలో మింగ్ వాంగ్, మింగ్ చు బృందం దీన్ని ప్రోస్టేట్ కణజాలం నుంచి శుద్ధి చేసింది. 1986లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని ఆమోదించినప్పుడు, క్యాన్సర్ అని అప్పటికే తేలినవాళ్లను గమనించడానికి మాత్రమే ఒప్పుకుంది. క్యాన్సర్‌ను కనిపెట్టే పరీక్షగా వాడుకోవడానికి అనుమతి 1994లో వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి వింతగా అనిపిస్తుంది. ఒక్కో కణాన్ని లెక్కేసుకుంటే, మామూలు ప్రోస్టేట్ కణం కన్నా క్యాన్సర్ కణం పీఎస్ఏను తక్కువే తయారుచేస్తుంది. మరి రక్తంలో ఎందుకు పెరుగుతుంది? మామూలు గ్రంథిలో పీఎస్ఏ లోపలి గొట్టంలోకి పోయి వీర్యంలో కలుస్తుంది. గ్రంథి కట్టుబాటు చెదిరినప్పుడు అది బయటికి జారి రక్తంలో చేరుతుంది. క్యాన్సర్ ఆ కట్టుబాటును చెదరగొడుతుంది. ఇన్‌ఫెక్షన్ కూడా చెదరగొడుతుంది. గ్రంథి ఉబ్బిపోతే తయారీయే పెరుగుతుంది. మూత్రం బందవడం, పైపు వేయడం, బయాప్సీ సూది, వీటన్నిటితోనూ అంకె ఎగబాకుతుంది.

అందుకని పరీక్షకు పోయేముందు ఇవి చూసుకోండి. జ్వరం, మంటతో మూత్ర ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉంటే అది తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చేయించాలి. పరీక్షకు ముందు రెండు రోజులు వీర్యస్ఖలనం లేకుండా చూసుకోవాలి. ఈ మాట బాపును అడగడానికి కొడుకులు మొహమాటపడతారు, ల్యాబులోనూ అడగరు. డాక్టర్‌తోనైనా అడిగించండి. జుట్టు రాలడానికనో గోళ్లకనో బయోటిన్ గోలీలు పెద్ద మోతాదులో వాడుతుంటే ల్యాబువాళ్లకు చెప్పండి. కొన్ని మెషీన్లలో అది పీఎస్ఏను లేనంత తక్కువ చేసి చూపిస్తుంది.

ఇప్పుడు గోలీల అట్టల సంగతి. ప్రోస్టేట్ వాపుకు రాసే మందుల్లో ఫినాస్టరైడ్, డ్యుటాస్టరైడ్ అనేవి ఉంటాయి. ఆరు నెలలు, ఏడాది వాడేసరికి ఇవి పీఎస్ఏను దాదాపు సగానికి దించేస్తాయి. వాపుకే వాడే టామ్సులోసిన్ అనే ఇంకో మందుతో కలిపి ఒకే గోలీగా డ్యుటాస్టరైడ్ మింగుతున్నవాళ్లు చాలామంది ఉంటారు, అందులో రెండు మందులున్నాయని వాళ్లకు తెలియదు. అలాంటి మనిషికి పీఎస్ఏ 3.5 వస్తే 4 లోపే ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. దాన్ని రెట్టింపు చేసి 7గా చదువుకోవాలి. ఒక్క గోలీ అట్ట కనబడకపోవడం వల్ల ఏడాది ఆలస్యమయ్యే ప్రమాదం ఇక్కడే ఉంది. టామ్సులోసిన్ ఒక్కటే వాడుతుంటే ఈ లెక్క అక్కర్లేదు.

4 అన్నదాన్ని గోడగా చూడొద్దు. పీఎస్ఏ 4, అంతకు లోపు ఉన్న 2950 మందికి బయాప్సీ చేసి చూసిన ఒక అమెరికా అధ్యయనం 2004లో వచ్చింది. వాళ్లలో 15.2 శాతం మందికి క్యాన్సర్ కనిపించింది. మరోవైపు 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లలో బయాప్సీ చేస్తే సుమారు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ తేలుతుంది. అంటే ఎక్కువమందిలో అది వాపే.

ఈ 4 నుంచి 10 మధ్యలో మాత్రమే పనికొచ్చే పరీక్ష ఫ్రీ పీఎస్ఏ. రక్తంలో పీఎస్ఏ చాలావరకు ఆల్ఫా 1 యాంటీకైమోట్రిప్సిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కొని తిరుగుతుంది, కొంత విడిగా తిరుగుతుంది. మామూలు వాపులో విడి భాగం ఎక్కువ, క్యాన్సర్‌లో తక్కువ. విడి భాగం 25 శాతం దాటితే అనుమానం బాగా తగ్గుతుంది, 10 శాతం లోపుంటే బాగా పెరుగుతుంది. అయితే ఈ విడి పీఎస్ఏ సున్నితమైనది. రక్తం తీసిన కొద్ది గంటల్లోనే సీరం వేరుచేసి చల్లగా ఉంచకపోతే కరిగిపోతుంది. ములుగులోనో ఏటూరునాగారంలోనో పొద్దున రక్తం తీసి, మే నెల ఎండలో బండి మీద సాయంత్రానికి హన్మకొండ చేర్చితే వచ్చే శాతాన్ని నేనైతే నమ్మను. ఈ పరీక్ష రాస్తే ల్యాబు ఉన్న చోటికే మనిషిని తీసుకుపోయి రక్తం ఇప్పించండి.

ఇంట్లోనే చేసుకోదగ్గ లెక్క ఒకటుంది. పీఎస్ఏను గ్రంథి సైజుతో భాగించండి. పీఎస్ఏ 7.2, సైజు 80 సీసీ అయితే 0.09 వస్తుంది. అదే 7.2 ఉండి సైజు 30 సీసీ అయితే 0.24. దీన్ని పీఎస్ఏ డెన్సిటీ అంటారు. 0.15 దాటితే అనుమానం గట్టిపడుతుంది. పెద్ద గ్రంథి ఎక్కువ పీఎస్ఏ చేయడం సహజం, చిన్న గ్రంథి అంత చేస్తోందంటే కారణం వెతకాలి.

మూడో మెట్టు: ముక్క ల్యాబు చేరేదాకా

సూది బయాప్సీలో మామూలుగా పన్నెండు చోట్ల నుంచి సన్నటి దారంలాంటి ముక్కలు తీస్తారు, ఎంఆర్ఐలో అనుమానం ఉన్న చోట ఇంకొన్ని. వీటిని కోర్లు అంటారు. ఒక్కోటి సెంటీమీటరు, సెంటీమీటరున్నర పొడవుంటుంది. కుడి ఎడమలు, పై మధ్య కింది భాగాలు విడివిడి సీసాల్లో వేసి పేరు రాయాలి. అన్నీ ఒకే సీసాలో వేస్తే క్యాన్సర్ ఏ వైపుందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

వాపుకు ఆపరేషన్ చేసి గీకి తీసిన ముక్కలైతే చిన్న ఆసుపత్రుల్లో సీసాలో వేసి ఇంటివాళ్ల చేతికే ఇస్తారు, ల్యాబులో ఇచ్చి రండి అని. అప్పుడు మీ బాధ్యత మొదలైనట్టే. సీసాలో పోసింది ఫార్మలిన్ అవునో కాదో అడగండి, ఘాటు వాసన వస్తుంది. సెలైన్‌లోనో ఉత్త నీళ్లలోనో ఉంటే ముక్క కుళ్లడం మొదలవుతుంది, అందులోని ప్రోటీన్లు చెడిపోతాయి. తర్వాత మార్కర్ పరీక్షలు సరిగా పలకవు. ముక్కల పరిమాణానికి కనీసం పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి. వెడల్పు మూతి సీసా కావాలి, దాని మీద పేరు, వయసు, తేదీ ఉండాలి. రేపు చూద్దాం అని ఇంట్లో పెట్టకుండా ఆరోజే ల్యాబులో ఇచ్చి రసీదు తీసుకోండి. మామూలు వాపే కదా, పంపడం ఎందుకని ఎవరైనా అన్నా పంపండి. వాపు ఆపరేషన్ ముక్కల్లో అనుకోకుండా క్యాన్సర్ బయటపడటం పాథాలజీలో తెలిసిన విషయమే.

నాలుగో మెట్టు: మామూలు రంగుల స్లైడు ఏం చెప్పిందో చూడండి

ల్యాబులో ముక్కను మైనంలో పోతపోసి బ్లాకు చేస్తారు. దాన్ని మూడు, నాలుగు మైక్రాన్ల మందంతో కోసి గాజు పలక మీద పెట్టి, హిమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రంగులు వేస్తారు. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఏ ప్రత్యేక మార్కరూ అక్కర్లేదు.

మామూలు ప్రోస్టేట్ గ్రంథిని అడ్డంగా కోసి చూస్తే మధ్యలో ఖాళీ, దాని చుట్టూ రెండు వరసల కణాలు ఉంటాయి. లోపలి వరస పొడుగ్గా ఉండే స్రావక కణాలది, పీఎస్ఏ తయారుచేసేవి ఇవే. వాటి కింద బల్లపరుపుగా నక్కి ఉండేవి బేసల్ కణాలు. చెరువుకు కట్ట ఎట్లాగో గ్రంథికి ఈ బేసల్ వరస అట్లా. వయసుతో వచ్చే వాపులో గ్రంథులు పెరుగుతాయి, మెలికలు తిరుగుతాయి, కానీ రెండు వరసలూ ఉంటాయి. రిపోర్టులో దీన్ని నాడ్యులర్ హైపర్‌ప్లాసియా అనో బినైన్ ప్రోస్టాటిక్ హైపర్‌ప్లాసియా అనో రాస్తారు. క్యాన్సర్‌లో బేసల్ వరస ఉండదు. ఒకే వరసతో చిన్న చిన్న గ్రంథులు మామూలు గ్రంథుల మధ్యకు చొరబడతాయి, కేంద్రకాల లోపల పెద్ద చుక్క స్ఫుటంగా కనిపిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఈ బేసల్ కణాలు మామూలు రంగులో అంత స్పష్టంగా కనబడవు. పన్నెండు కోర్లలో ఒకే చోట ఐదారు చిన్న గ్రంథులు అనుమానంగా కనిపించాయనుకోండి. అవి క్యాన్సర్‌వా, ముడుచుకుపోయిన మామూలు గ్రంథులా, అడినోసిస్ అనే హానిలేని గుంపా? కంటితో ఒట్టేసి చెప్పలేని చోట ప్రోటీన్ మార్కర్లు కావాలి. ఆ పరీక్షే ఇమ్యునో హిస్టో కెమిస్ట్రీ. రిపోర్టుల్లో పొట్టిగా ఐహెచ్‌సీ అంటారు.

ఐదో మెట్టు: మూడు ముఖ్యమైన మార్కర్లు

ఐహెచ్‌సీలో ఒక ప్రోటీన్‌కు మాత్రమే అంటుకునే యాంటీబాడీని స్లైడు మీద వేస్తారు. అది అంటుకున్న చోట రంగు తేలుతుంది. ప్రోస్టేట్‌కు వాడే మూడింటిలో రెండు బేసల్ కణాలవి, ఒకటి స్రావక కణాల్లో వచ్చే మార్పుది.

పీ63 బేసల్ కణాల కేంద్రకంలో ఉంటుంది. హై మాలిక్యులర్ వెయిట్ సైటోకెరాటిన్ అదే కణాల సైటోప్లాజంలో ఉంటుంది. రిపోర్టులో దీన్ని హెచ్ఎండబ్ల్యూసీకే అనో, 34 బీటా ఈ 12 అనో రాస్తారు. కొన్ని ల్యాబులు దీనికి బదులు సీకే5/6 వేస్తాయి. వీటి విషయంలో రంగు రావడం మంచి కబురు. గ్రంథి చుట్టూ బేసల్ కణాలు ఉన్నాయని అర్థం.

ఏఎంఏసీఆర్ పూర్తి పేరు ఆల్ఫా మిథైల్ ఎసైల్ కోఏ రాసిమేజ్. పీ504ఎస్ అన్నా ఇదే. కొమ్మలున్న కొవ్వు ఆమ్లాలను విరగ్గొట్టే దారిలో పనిచేసే ఎంజైమ్ ఇది. మామూలు ప్రోస్టేట్ గ్రంథుల్లో చాలా తక్కువగా, క్యాన్సర్ గ్రంథుల్లో చాలా ఎక్కువగా ఉంటుందని 2000 తర్వాత వరసగా వచ్చిన పరిశోధనలు చూపించాయి. ఇప్పుడు ఐహెచ్‌సీలో ఇది మామూలు వాడకం అయింది. దీని విషయంలో రంగు రావడం అనుమానాన్ని పెంచుతుంది.

చాలా ల్యాబులు ఈ మూడింటినీ ఒకే స్లైడు మీద కలిపి వేస్తాయి. అలాంటి స్లైడును దగ్గరగా చూస్తే ఇట్లా ఉంటుంది. ఒక పెద్ద మామూలు గ్రంథి. దాని అంచు పొడవునా ముదురు గోధుమ రంగు చుక్కలు, వాటిని కలుపుతూ గోధుమ రంగు గీత. లోపలి కణాల్లో రంగు లేదు. దాని పక్కనే నాలుగు చిన్న గ్రంథులు. వాటి చుట్టూ ఒక్క గోధుమ చుక్క కూడా లేదు. లోపలి కణాల్లో ఎర్రటి సన్న రేణువులు ఒత్తుగా పడి ఉన్నాయి. పక్కపక్కనే ఈ రెండూ కనిపిస్తే సందేహం దాదాపు తీరినట్టే.

ఆ పెద్ద గ్రంథి అక్కడ ఉండటం చాలా అవసరం. దాని చుట్టూ గోధుమ రంగు వచ్చింది కాబట్టి పరీక్ష సరిగా పనిచేసిందని తెలిసింది. మామూలు గ్రంథుల్లో కూడా రంగు రాకపోతే ముక్క పాడైందో, యాంటీబాడీ పనిచేయలేదో అయి ఉంటుంది. అప్పుడు పీ63 నెగెటివ్ అన్న మాటకు విలువ లేదు. రిపోర్టులో ఇంటర్నల్ కంట్రోల్ సరిగా పనిచేసినట్టు రాసి ఉందా చూడండి. లేకపోతే అడగండి. ఆ ప్రశ్న అడిగితే ఏ పాథాలజిస్టూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు ఈ మార్కర్లు తప్పుదారి పట్టించే చోట్లు. పరకాల నుంచి వచ్చిన ఒకాయన, “సార్, బాపుకు ఏఎంఏసీఆర్ పాజిటివ్ అని వచ్చింది, అంటే క్యాన్సరేనా?” అని అడిగారు. ఆ రిపోర్టులో పీ63 కూడా పాజిటివ్‌గానే ఉంది, వ్యాధి పేరు హై గ్రేడ్ పిన్ అని ఉంది. ఇది స్రావక కణాలు మారిపోయినా బేసల్ వరస ఇంకా నిలబడి ఉన్న స్థితి. కొన్నిచోట్ల ఆ వరస మధ్యమధ్యలో తెగి ఉండొచ్చు. దీన్ని ఇంకా క్యాన్సర్ అనరు, కనిపెట్టుకొని ఉండమంటారు. అంటే ఏఎంఏసీఆర్ ఒక్కదాన్నే పట్టుకొని తీర్పు చెప్పకూడదు. అడినోసిస్‌లో, కొన్ని ముడుచుకుపోయిన గ్రంథుల్లో కూడా ఇది కొద్దిగా రావచ్చు. పెద్దపేగు క్యాన్సర్‌లోనూ, ఒకరకం కిడ్నీ క్యాన్సర్‌లోనూ వస్తుంది. కాబట్టి ప్రోస్టేట్‌కు మాత్రమే సొంతమైన గుర్తు అనుకోవద్దు.

ఎదురు దిక్కులో కూడా చిక్కుంది. నురగలాంటి కణాలుండే ఫోమీ గ్లాండ్ రకంలో, చూడటానికి మామూలు వాపులా ఉండే సూడో హైపర్‌ప్లాస్టిక్ రకంలో క్యాన్సర్ ఉన్నా ఏఎంఏసీఆర్ పలచగా వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు. బేసల్ కణాలు కూడా అడినోసిస్‌లో అక్కడక్కడే మిగిలి ఉంటాయి. ఐదు గ్రంథుల్లో మూడింటికి రంగు రాకపోయినా రెండింటికి వస్తే ఆ గుంపంతా హానిలేనిదే అయ్యే అవకాశం ఎక్కువ. అందుకే రెండు బేసల్ మార్కర్లు వేయడం మంచి పద్ధతి, ఒకటి తప్పిపోతే ఇంకోటి పట్టుకుంటుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఇంట్రాడక్టల్ కార్సినోమా అన్న మాట. ఇందులో క్యాన్సర్ కణాలు పాత గొట్టాల్లోకి పాకి వాటిని నింపేస్తాయి, కానీ ఆ గొట్టాల బేసల్ వరస అట్లాగే ఉంటుంది. పీ63 పాజిటివ్ వస్తుంది. కట్ట తెగలేదు కదా అనుకుంటే పొరపాటు. ఇది సాధారణంగా తీవ్రమైన క్యాన్సర్‌తో పాటు కనిపించేది. ఈ మాట రిపోర్టులో ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి, వంశపారంపర్య జన్యుపరీక్ష అవసరమా అనీ అడగండి. బీఆర్‌సీఏ2 లాంటి జన్యువుల్లో లోపం ఉంటే అది బాపు వైద్యాన్నే కాదు, ఇంట్లో మిగతావాళ్లు ఏ పరీక్షలు చేయించుకోవాలన్నదాన్నీ మారుస్తుంది.

కొన్నిసార్లు మూడు మార్కర్లూ వేశాక కూడా తేలదు. గ్రంథులు మరీ తక్కువ ఉండటమో, బ్లాకును ఇంకా లోతుగా కోసేసరికి ఆ గుంపు అయిపోవడమో జరుగుతుంది. అప్పుడు ఏసాప్ అని గానీ, అటిపికల్ స్మాల్ ఎసినార్ ప్రొలిఫరేషన్ అని గానీ రాస్తారు. దాని అర్థం అనుమానం ఉంది, రుజువు చాల్లేదు అని. ఇది నెగెటివ్ రిపోర్టు అనుకొని ఫైలు మూసేయొద్దు. మళ్లీ ఎప్పుడు బయాప్సీ చేయాలి, ఎంఆర్ఐ ముందు తీయాలా అన్నది యూరాలజిస్టుతో ఆ వారంలోనే మాట్లాడండి.

ఆరో మెట్టు: రిపోర్టును వరస ప్రకారం చదవండి

ఒక మాదిరి రిపోర్టు ఇట్లా ఉంటుందనుకోండి: ఎడమ మధ్యభాగం, రెండు కోర్లలో ఒకదాంట్లో ఎసినార్ అడినోకార్సినోమా, గ్లీసన్ స్కోరు 3+4=7, గ్రేడ్ గ్రూప్ 2, ప్యాటర్న్ 4 పది శాతం, కోర్ పొడవులో ముప్పై శాతం ట్యూమర్, నరం చుట్టూ పాకడం లేదు. ఐహెచ్‌సీలో పీ63, హెచ్ఎండబ్ల్యూసీకే నెగెటివ్, ఏఎంఏసీఆర్ పాజిటివ్.

ముందు వ్యాధి పేరు. ఎసినార్ అడినోకార్సినోమా అంటే ప్రోస్టేట్‌లో మామూలుగా వచ్చే క్యాన్సర్. తర్వాత గ్రేడ్. 1960ల్లో డోనాల్డ్ గ్లీసన్ అనే అమెరికా పాథాలజిస్టు గ్రంథుల ఆకారాన్ని బట్టి వేసిన లెక్క ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఆకారాన్నే ప్యాటర్న్ అంటారు. మొదటి అంకె ఎక్కువగా కనిపించే ఆకారానిది. రెండోది ఆ తర్వాతదానిది, సూది ముక్కల్లో అయితే ఉన్నవాటిలో అన్నిటికన్నా చెడ్డదానిది. 3+4, 4+3 రెండూ ఏడే, కానీ రెండోది మరింత తీవ్రమైనది. ఈ గందరగోళం పోగొట్టడానికే 2014లో అంతర్జాతీయ యూరలాజికల్ పాథాలజీ సంఘం 1 నుంచి 5 వరకు గ్రేడ్ గ్రూపులను ఒప్పుకుంది. 3+3 గ్రూప్ 1, 3+4 గ్రూప్ 2, 4+3 గ్రూప్ 3, స్కోరు 8 అయితే గ్రూప్ 4, 9 లేదా 10 అయితే గ్రూప్ 5. గ్రూప్ 1 అయితే చాలామందికి వెంటనే ఆపరేషన్ అక్కర్లేకుండా గమనిస్తూ ఉండే దారి ఉంటుంది. ఆ మాట డాక్టర్ చెప్పకపోతే మీరే అడగండి.

ఐహెచ్‌సీ మాటలు చివర్లో చదవండి. ఏఎంఏసీఆర్ ఎంత గట్టిగా వచ్చిందన్నదాన్ని బట్టి జబ్బు తీవ్రత చెప్పరు. ఈ మూడు మార్కర్లు క్యాన్సర్ అవునా కాదా అన్నంతవరకే, ఎంత తీవ్రం అన్నది గ్లీసన్ చెబుతుంది.

ఏడో మెట్టు: అరుదుగా కనిపించే ఇతర మార్కర్లు

ఈఆర్‌జీ అనే ప్రోటీన్ రంగు కేంద్రకంలో వస్తే టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే జన్యువుతో ఈఆర్‌జీ అతుక్కుపోయిందని సూచన. ఈ కలయికను 2005లో కనుక్కున్నారు. పాశ్చాత్య దేశాల రోగుల్లో దాదాపు సగంమందిలో ఉంటుంది, ఆసియావాసుల్లో తక్కువ. కాబట్టి మన దగ్గర ఈఆర్‌జీ నెగెటివ్ వచ్చినంత మాత్రాన క్యాన్సర్ లేదనలేం. పీటెన్ అనే ప్రోటీన్ కణాల్లో లేకుండా పోవడం తీవ్రతను సూచిస్తుంది. కేఐ67 కణాల విభజన వేగాన్ని చూపిస్తుంది.

మూత్రసంచి మెడ దగ్గర గడ్డ ఉంటే అది మూత్రసంచి క్యాన్సరా, ప్రోస్టేట్‌దా అన్న ప్రశ్న వస్తుంది. ఎన్‌కేఎక్స్3.1, పీఎస్ఏ పాజిటివ్ అయితే ప్రోస్టేట్ వైపు, గాటా3, పీ63 పాజిటివ్ అయితే మూత్రసంచి వైపు మొగ్గుతుంది. ఇక్కడ పీ63 అర్థం మారిపోయిందని గమనించండి. ఇదే ప్రోటీన్ ప్రోస్టేట్ ముక్కలో నిశ్చింతనిస్తుంది, మూత్రసంచి గడ్డలో క్యాన్సర్ కణాలదే అవుతుంది.

మన ప్రాంతంలో కొందరు మూత్రం బాధను వయసు బాధే అనుకొని ఊరుకొని, చివరికి నడుం నొప్పితోనో కాళ్లు పట్టు తప్పితేనో వస్తారు. అప్పటికి పీఎస్ఏ వందల్లో ఉంటుంది. ఎముక నుంచి తీసిన ముక్కలో ఎన్‌కేఎక్స్3.1, పీఎస్ఏ వస్తే మూలం ప్రోస్టేట్ అని తేలుతుంది. ఎముకను మెత్తబరచడానికి వాడే గాఢ ఆమ్లం ప్రోటీన్లను దెబ్బతీస్తుంది. కాబట్టి మార్కర్లు వేయాల్సి రావచ్చని ఎముక బయాప్సీకి ముందే ల్యాబుకు చెప్పించండి. వాళ్లు మెల్లగా పనిచేసే ఈడీటీఏ వాడే వీలుంటుంది. పీఎస్ఎంఏ అనే ఇంకో ప్రోటీన్ కణం పైపొర మీద ఉంటుంది, మామూలు కణాల కన్నా క్యాన్సర్ కణాల మీద చాలా ఎక్కువ. దాన్ని వెతికి పట్టే పెట్ స్కాన్ హైదరాబాద్‌లో చేస్తారు.

ఎనిమిదో మెట్టు: రెండో అభిప్రాయానికి బ్లాకులు తీసుకుపోండి

పట్నం, అంటే హైదరాబాద్ పోవాలనుకుంటే, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి అయినా నిమ్స్ ఆసుపత్రి అయినా ఇంకెక్కడైనా, రిపోర్టు జిరాక్స్ ఒక్కటే పట్టుకొని కాజీపేటలో రైలెక్కొద్దు. అక్కడివాళ్లు కచ్చితంగా స్లైడ్లు, బ్లాకులు అడుగుతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి నుంచైనా ప్రైవేటు ల్యాబు నుంచైనా ఒక దరఖాస్తు రాసి, సంతకం పెట్టి తీసుకోవచ్చు. అది రోగి ముక్కే. వేసిన ఐహెచ్‌సీ స్లైడ్లు కూడా అడగండి. లేకపోతే అదే పరీక్షకు మళ్లీ డబ్బు కట్టాల్సి వస్తుంది, బ్లాకులో ఉన్న కొద్ది ముక్కా కోతకు అయిపోతుంది. బ్లాకు నంబరు, రిపోర్టు నంబరు ఒకటేనా చూసుకోండి. బ్లాకు మైనంతో చేసింది. ఎండాకాలం బండి డిక్కీలోనో, నిలిపిన కారు అద్దం ముందో పెట్టొద్దు.

ఐహెచ్‌సీ చేయలేదని రిపోర్టులో ఉంటే ముందు ఈ బ్లాకు మీదే చేయగలరా అని అడగండి. మళ్లీ సూది గుచ్చాల్సిన అవసరం చాలాసార్లు రాదు. ఆరోగ్యశ్రీ కింద వైద్యం చేయించుకునే ఆలోచన ఉంటే బయాప్సీ రిపోర్టు అసలు ప్రతిని భద్రంగా పెట్టుకోండి. ఏ పరీక్షలు దాని కిందికి వస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

తొమ్మిదో మెట్టు: వైద్యం మొదలయ్యాక అదే ప్రోటీన్‌ను వేరే కళ్లతో చూడండి

రక్తంలో పీఎస్ఏ రెండు మూడు రోజులకు సగమవుతుంది. గ్రంథి మొత్తం తీసేసే ఆపరేషన్ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలకు పీఎస్ఏ దాదాపు కనబడకుండా పోవాలి. ఆ తర్వాత 0.2కు చేరి, మళ్లీ చేసినా అంతే లేదా ఎక్కువ వస్తే జబ్బు తిరగబెట్టినట్టు లెక్క. రేడియేషన్ తీసుకున్నవాళ్లలో గ్రంథి అక్కడే ఉంటుంది కాబట్టి సున్నా కాదు. అది దిగిన అతి తక్కువ అంకె మీద 2 పెరిగితే అప్పుడు తిరగబెట్టిందంటారు. ఈ రెండు లెక్కలూ కలిపేసుకొని చాలామంది అనవసరంగా భయపడతారు. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. వేర్వేరు మెషీన్లలో వచ్చిన చిన్న తేడా పెరుగుదలలా కనబడుతుంది.

హార్మోన్ వైద్యంలో పీఎస్ఏ బాగా దిగిపోతుంది. ఏళ్ల తరబడి దిగే ఉండొచ్చు. పీఎస్ఏ తక్కువగానే ఉండి ఎముకల నొప్పులు పెరుగుతున్నా, కాలేయంలో గడ్డలు కనిపించినా, మనిషి చిక్కిపోతున్నా, అంకె బాగుంది కదా అని ఆగొద్దు. కొన్ని క్యాన్సర్లు కాలక్రమంలో న్యూరో ఎండోక్రైన్ రకంగా మారతాయి. ఆ కణాలు పీఎస్ఏ తయారుచేయడం మానేస్తాయి. అప్పుడు పెరుగుతున్న చోటి నుంచి కొత్తగా ముక్క తీసి సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ అనే మార్కర్లు వేయాలి. అవి వస్తే వాడే మందులే మారిపోతాయి. మళ్లీ బయాప్సీ అవసరమా అని ఆ రోజే మీ డాక్టర్‌ను అడగండి.